పదిహేనేళ్ల జీపు, ఉప్పు గాలి, వరుస రిపేర్లు

పాఠకుడి ఉత్తరం:

అన్నా, మాది విడవలూరు మండలంలో సముద్రం పక్క ఊరు. రొయ్యల గుంటలు చేస్తాను. నాన్న కొన్న 2011 మోడల్ ఫోర్ వీల్ డ్రైవ్ డీజిల్ జీపు ఉంది. వచ్చే ఏడాదికి పదిహేనేళ్లు నిండుతాయి. పోయిన సంక్రాంతి దాకా ఒక్కరోజు ఇబ్బంది పెట్టలేదు. పండగ పోయాక మొదలైంది. ముందు బ్యాటరీ పోయింది, కొత్తది వేశాను. రెండు నెలలకు బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ మార్చారు. తర్వాత సెల్ఫ్ మోటార్. అయినా పొద్దున పూట ఒక్కోసారి టక్కుమని ఊరుకుంటుంది. హెడ్‌లైట్లు వేస్తే వైపర్ నెమ్మదిస్తుంది. మే నెలలో నెల్లూరు పోతుంటే కోవూరు దగ్గర వేడెక్కి ఆవిరి కక్కింది. ఈ మధ్య నడుస్తా నడుస్తా ఆగిపోతోంది, పది నిమిషాలు ఆగితే మళ్లీ స్టార్ట్ అవుతుంది. పోయిన వారం ఇసుకలో దిగబడితే ఫోర్ వీల్ పడలేదు, ట్రాక్టర్‌తో లాగించాం. ముందు చక్రాలను ఇరుసుకు కలిపే హబ్‌లు వాక్యూమ్‌తో లాక్ అయ్యే రకం. 2021 నవంబరు వరదలో రెండు రోజులు చక్రాలు మునిగి ఉంది గానీ అప్పుడేమీ కాలేదు. డీజిల్ గుంటల దగ్గర జనరేటర్ డ్రమ్ములోంచే పోస్తాం. ముగ్గురు మెకానిక్‌లను మార్చాను, 78,000 రూపాయలు అయిపోయాయి. మా ఆవిడ అమ్మేయమంటోంది. అమ్మ దిష్టి తగిలిందని నిమ్మకాయలు కడుతోంది. నాన్నను నెలకు రెండుసార్లు నెల్లూరు ఆసుపత్రికి ఆ బండిలోనే తీసుకెళ్లాలి. ఎప్పుడు ఆగుతుందోనని ఒకటే టెన్షన్. బాగు చేయించుకోనా, అమ్మేయనా? బ్రేకు కూడా కొంచెం కిందికి పోతోంది, అది పర్లేదు, పాత బళ్లన్నీ అంతేనంటున్నారు.

సమాధానం:

తమ్ముడూ, అన్నా అని పిలిచావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను.

ఉత్తరం చివర పర్లేదులే అన్నట్టు రాసిన బ్రేకు సంగతి చదివి నాకు గుండె జారింది. మిగతా రిపేర్లన్నీ బండిని ఆపేస్తాయి. ఇదొక్కటే ఆపనివ్వదు. పాత బళ్లన్నీ అంతే అన్న మాట నమ్మొద్దు. ఇంజిన్ ఆన్ చేసి, బండి కదలకుండా ఉంచి, బ్రేకు పెడల్‌ను నిమిషం పాటు ఒకే బలంతో నొక్కి పట్టు. కాలి కింద మెల్లగా దిగిపోతుంటే ఎక్కడో లీకు ఉంది, లేదా పెడల్ నొక్కితే ఆయిల్‌ను తోసే మాస్టర్ సిలిండర్ లోపల రబ్బరు పోయింది. ఇంజిన్ దగ్గరున్న బ్రేకు ఆయిల్ డబ్బాలో మట్టం తగ్గిందేమో చూడు. ఆ తర్వాత బండి కింద పడుకుని, ఛాసిస్ వెంట వెనక్కి పోయే సన్నటి ఇనుప పైపుల్ని చూడాలి. వాటిని ఛాసిస్‌కు పట్టి ఉంచే క్లిప్పుల కింద బురద, ఉప్పు చేరి పైపును అక్కడే తినేస్తాయి. పైకి బాగానే కనిపిస్తుంది, క్లిప్పు తీస్తే పొరలు పొరలుగా రాలుతుంది. గట్టిగా బ్రేకు కొట్టిన రోజే అది పగిలేది. ఆ పైపులు తుప్పు పట్టి ఉంటే అన్నీ మార్పించు, వెనక డ్రమ్ములు విప్పించి షూలు చూపించు, బ్రేకు ఆయిల్ మొత్తం కొత్తది పోయించు. ఆ ఆయిల్ గాలిలో తడిని పీల్చుకుంటుంది, అందుకే రెండేళ్లకోసారి మార్చాలి. సముద్రం పక్కన ఇంకా ముందే మార్చినా తప్పు లేదు. ఈ పని అయ్యేదాకా నాన్నను ఆ బండిలో ఎక్కించొద్దు. ఆ రెండుసార్లకూ ఆటోనో, కారో మాట్లాడుకో. ఇది ఒక్కటీ నా మాట వినాలి.

ఇక నీ లెక్కకు వస్తాను.

బ్యాటరీ, ఆల్టర్నేటర్, సెల్ఫ్, వైపర్. నువ్వు వీటిని నాలుగు రిపేర్లుగా రాశావు. నా కంటికి ఒకటే జబ్బు నాలుగు చోట్ల బయటపడినట్టు కనిపిస్తోంది. బ్యాటరీ ప్లస్‌లోంచి బయల్దేరిన కరెంటు సెల్ఫ్‌ను తిప్పి, లైటు వెలిగించి, ఇంజిన్ ఇనుము మీదుగా, ఛాసిస్ మీదుగా మళ్లీ మైనస్‌కు చేరాలి. ఆ తిరుగుదారినే మనవాళ్లు ఎర్త్ అంటారు. ఇంజిన్ నుంచి ఛాసిస్‌కు, ఛాసిస్ నుంచి బాడీకి, బ్యాటరీ మైనస్ నుంచి ఈ రెంటికీ అల్లిన రాగి పట్టీలో, లావు తీగలో ఉంటాయి. ఒక్కో బోల్టుతో బిగించి ఉంటాయి. ఆ బోల్టు కింద ఇనుముకు తుప్పు, రాగికి చిలుము పట్టాయంటే కరెంటుకు దారి ఇరుకవుతుంది. నీ బండి పదిహేనేళ్లుగా ఉప్పు గాలి పీలుస్తోంది, పైగా వరద నీళ్లలో రెండు రోజులు నిలబడింది. అప్పుడేమీ కాలేదన్నావు. తడి చేరిన బోల్టూ, కనెక్టరూ ఆ రోజే చెడవు. లోపల్లోపల తింటూ పోయి ఏళ్ల తర్వాత బయటపడతాయి.

చిన్న లెక్క చెబుతాను. నీలాంటి డీజిల్ ఇంజిన్‌ను తిప్పడానికి సెల్ఫ్ 200 ఆంపియర్లకు పైనే లాగుతుంది. ఎర్త్ బోల్టు దగ్గర ఒక ఓమ్‌లో నూరో వంతు అడ్డం పడినా అక్కడే 2 వోల్టులు పోతాయి. 12 వోల్టుల బండికి 2 వోల్టులంటే చాలా పెద్ద దెబ్బ. సెల్ఫ్ టక్కుమని ఊరుకునేది అందుకే. మెకానిక్ దాన్ని చూసి బ్యాటరీ వీక్ అంటాడు, కొత్త బ్యాటరీ బలంగా ఉంటుంది కాబట్టి కొన్నాళ్లు లాగుతుంది. ఛార్జింగ్ కూడా అదే దారిలో రావాలి కాబట్టి అది సరిగా ఎక్కదు, అప్పుడు ఆల్టర్నేటర్ మీద అనుమానం వస్తుంది. ముగ్గురు మెకానిక్‌లూ నిన్ను మోసం చేశారని నేను అనుకోవడం లేదు. ప్రతివాడూ ఆ రోజు కంటికి కనిపించింది మార్చాడు. వెనక ఏం జరిగిందో అతనికి నువ్వూ చెప్పలేదు, ముందు చేసినవాడూ చెప్పలేదు.

దీన్ని నువ్వే ఇంట్లో కొలవొచ్చు. ఎలక్ట్రికల్ షాపులో మామూలు డిజిటల్ మల్టీమీటర్ కొను, కొన్ని వందల్లో వస్తుంది. దాన్ని డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టు. పొద్దున స్టార్ట్ చేయకముందు బ్యాటరీ మీద చూడు. 12.6 ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 ఉంటే సగానికి వచ్చినట్టు. ఇంజిన్ నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. ఇక అసలు పరీక్ష. మీటర్ నల్ల తీగను బ్యాటరీ మైనస్ పిన్ను మీదే పెట్టు, పైన బిగించిన క్లాంపు మీద కాదు. ఎర్ర తీగను ఇంజిన్ మీద పెయింటు లేని ఇనుముకు ఆనించు. ఇంట్లో ఎవరినైనా సెల్ఫ్ కొట్టమను. గేరు న్యూట్రల్‌లో ఉండాలి, ఫ్యాను బెల్టుకు చేతులూ తీగలూ దూరంగా ఉండాలి. అర వోల్టు దాటి చూపించిందంటే ఎర్త్ పోయినట్టే. అలాగే ఎర్ర తీగను బాడీ ఇనుముకు ఆనించి, హెడ్‌లైట్లు, వైపరు, ఫ్యాను అన్నీ వేసి చూడు. అక్కడ ఒకటి రెండు పాయింట్లకు మించి కనిపించకూడదు. పాయింటు అంటే ఇక్కడ 0.1 వోల్టు.

ఎర్త్ బోల్టులన్నీ విప్పి, ఇనుప బ్రష్షుతో, గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది, గట్టిగా బిగించి, బిగించాక పైన పెట్రోలియం జెల్లీ పూయాలి. పట్టీలు నల్లబడి ఉంటే కొత్తవి, ముందున్న వాటికంటే లావువి వేయించు. ఈ పనికి ఒక పూట చాలు. డ్యాష్‌బోర్డు కింద, ఛాసిస్ వెంట ఉన్న కనెక్టర్లు కూడా ఒక్కొక్కటీ విప్పించి చూపించు. లోపల పచ్చగా చిలుము కనిపిస్తే శుభ్రం చేయించు, పిన్ను తినేసి ఉంటే ఆ కనెక్టర్ మార్పించు.

ఇంత నమ్మకంగా చెప్పడానికి కారణం ఉంది. నేను పొదిలి వైపు పనిచేసే రోజుల్లో నా దగ్గర పాత ఎమ్‌ఎమ్ 540 జీపు ఉండేది. ఒక షెడ్డులో ఆరు నెలల్లో రెండు సెల్ఫ్ మోటార్లు వేయించాను. మూడోది కొందామనుకున్న రోజు సెల్ఫ్ కొడుతుంటే స్పీడోమీటర్ కేబుల్ తొడుగు కాలి పొగ వచ్చింది. పక్కన లారీకి వైరింగ్ చేస్తున్న పెద్దాయన పరుగున వచ్చి, ఇంజిన్‌కు ఎర్త్ లేదయ్యా, కరెంటంతా ఈ సన్న కేబుల్లోంచి పోతోంది అన్నాడు. క్లచ్ పని కోసం గేర్ బాక్సు దింపినప్పుడు విప్పిన పట్టీని తిరిగి బిగించలేదు. అంతే. రెండు సెల్ఫ్‌ల డబ్బు, ఆరు నెలల మనశ్శాంతి ఒక బోల్టు దగ్గర పోయాయి. పొదిలిలో ఉప్పు గాలి కూడా లేదు. నీకు ఉంది.

నడుస్తా ఆగిపోవడం వేరే సంగతి. నాకు మొదటి అనుమానం ఆ డ్రమ్ము మీదే. సగం ఖాళీగా ఉన్న డ్రమ్ములో పగలు వేడికి గాలి బయటికి పోతుంది, రాత్రి చల్లబడినప్పుడు తడి గాలి లోపలికి వస్తుంది. ఆ తడి నీటి చుక్కలై అడుగుకు చేరుతుంది, డీజిల్ నీటి కంటే తేలిక కాబట్టి. దానికి డ్రమ్ము తుప్పు తోడవుతుంది. పాత రకం జనరేటర్ ఇంజిన్ ఆ డీజిల్‌ను ఎలాగో సహిస్తుంది. నీ బండి కామన్ రెయిల్ రకం అయితే సహించదు. అందులో డీజిల్ వెయ్యి బార్ దాటే ఒత్తిడితో పోతుంది, పంపుకూ ఇంజెక్టర్లకూ ఆ డీజిలే నూనె. నీళ్లు కలిస్తే అవి గీతలు పడి పోతాయి, వాటి ఖర్చు నీ 78,000 ను చిన్నది చేస్తుంది. ఫిల్టర్ కింద నీళ్లు తీసే మర ఉంటుంది. అది వదిలి ఒక గాజు సీసాలో పట్టి గంటసేపు కదపకుండా ఉంచు. అడుగున వేరే పొర తేరితే నీళ్లున్నట్టే. ఫిల్టర్ మార్చు, ట్యాంకు దింపించి కడిగించు, ఇకనుంచి బంకులోనే పోయించు. ఆగిన బండి పది నిమిషాలకు మళ్లీ కదలడం కూడా దీనికి సరిపోతుంది: ట్యాంకులోని చెత్త డీజిల్ లాగే గొట్టం మూతికి అతుక్కుంటుంది, ఇంజిన్ ఆగి లాగుడు తగ్గాక ఊడి కిందికి పోతుంది.

ఫిల్టర్, ట్యాంకు అయ్యాక కూడా ఆగితే అప్పుడు ఇంజిన్ తిరుగుడును కనిపెట్టే క్రాంక్ సెన్సార్‌ను అనుమానించు. అది వేడికి పనిచేయడం మానేసి, చల్లారాక మళ్లీ పనిచేసే గుణం ఉన్నది. ఈసారి ఆగినప్పుడు సెల్ఫ్ కొడుతూ ఆర్‌పీఎమ్ ముల్లు చూడు. ముల్లు కొంచెమైనా లేవకుండా సున్నా మీదే ఉంటే సెన్సార్ వైపు వేలు చూపిస్తున్నట్టు. స్కానర్ ఉన్న షెడ్డులో పెట్టించి చూపించు. చూపించకుండా సెన్సార్ కొనొద్దు.

వేడెక్కడం గురించి తక్కువే చెబుతాను. రేడియేటర్‌లో ఏ నీళ్లు పోస్తున్నావో రాయలేదు. మీ వైపు బోరు నీళ్లంటే ఉప్పే. అవి లోపల పొర కట్టించి దారులు మూస్తాయి. రేడియేటర్, ఇంజిన్ లోపలి నీటి దారులు అన్నీ కడిగించి, కూలెంట్‌ను డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం కలిపి పోయించు. రేడియేటర్ మూత, రబ్బరు గొట్టాలు కొత్తవి వేయించు. వేడెక్కుతోందని ఎవరైనా థర్మోస్టాట్ (వేడిని బట్టి నీటి దారి తెరిచే వాల్వు) తీసి పారేశారేమో అడుగు, తీసి ఉంటే పెట్టించు. వేడి మీద మూత తిప్పొద్దు, ముఖం కాలిపోతుంది.

ఫోర్ వీల్ పడకపోవడానికి వాక్యూమ్ గొట్టాలు చాలాసార్లు కారణం. పదిహేనేళ్ల రబ్బరు ఎండి చీలుతుంది, పీల్పు అందక హబ్ లాక్ అవ్వదు. ఇసుకలో ఫోర్ వీల్ వేసి మెల్లగా నడుపు, ఇంకొకరిని పక్కన దూరంగా నిలబెట్టి కింద చూడమను. ముందు ఇరుసుకు పోయే ప్రొపెల్లర్ షాఫ్టు తిరుగుతూ ముందు చక్రాలు లాగకపోతే తప్పు హబ్‌ల దగ్గర ఉంది, గొట్టాలతో మొదలుపెట్టు. షాఫ్టే తిరగకపోతే తప్పు రెండు ఇరుసులకూ బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేసులోనో, లీవర్ లింకులోనో ఉంది.

ఇంకొక సంగతి చాలామందికి తెలియదు. నడిచి నడిచి వేడెక్కిన ఇరుసు గూడు ఉప్పుటేరులో దిగగానే చల్లబడుతుంది, లోపలి గాలి ముడుచుకుంటుంది, బయటి నుంచి లోపలికి లాగుతుంది. గాలి పీల్చే చిన్న గొట్టం, దాన్నే బ్రీదర్ అంటారు, బురదతో మూసుకుపోయి ఉంటే సీళ్ల పక్క నుంచి ఉప్పునీళ్లే లోపలికి పోతాయి. అందుకని ముందు ఇరుసు, వెనక ఇరుసు, ట్రాన్స్‌ఫర్ కేసు, గేర్ బాక్సు నూనెలు ఒక్కొక్కటీ వదిలించి కళ్లతో చూడు. పాలు కలిపినట్టు తెల్లగా ఉంటే నీళ్లు చేరాయి. వెంటనే మార్పించు, బ్రీదర్లు శుభ్రం చేయించు. గుంటల దగ్గర నీళ్లలో దిగాల్సి వస్తే ముందు పది నిమిషాలు బండిని చల్లారనీ. ఫోర్ వీల్‌ను పక్షానికోసారైనా ఇసుకలో ఒక కిలోమీటరు నడుపు, లేకపోతే లోపలి భాగాలు పట్టేస్తాయి. తారు రోడ్డు మీద మాత్రం వేయొద్దు. మలుపులో ముందు చక్రాలూ వెనక చక్రాలూ వేరు వేరు దూరాలు తిరుగుతాయి. ఇలాంటి బళ్లలో ఆ తేడాను సర్దే మధ్య డిఫరెన్షియల్ ఉండదు కాబట్టి ఆ తేడా అంతా గేర్ల మీద పడుతుంది. ఇసుకలో దిగే ముందు టైర్ల గాలి 18, 20 పీఎస్‌ఐ దాకా తగ్గించు, రోడ్డెక్కగానే మళ్లీ నింపు. ఇది చేస్తే ట్రాక్టర్‌ను పిలిచే అవసరం సగం తగ్గుతుంది.

అమ్మాలా, ఉంచాలా అన్నదాన్ని ఇంజిన్ తేల్చదు. ఛాసిస్ తేలుస్తుంది. బ్రేకు పని అయిన రోజే షెడ్డులో లేపించి, కిందంతా మంచినీళ్లతో కడిగించి, ఆరనిచ్చి, చిన్న సుత్తితో తట్టుకుంటూ పో. మంచి ఇనుము ఖంగుమంటుంది. తిన్న ఇనుము మొద్దుగా పలుకుతుంది. అలా పలికిన చోట స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా పొడువు. వెనక కమాను కట్టల బ్రాకెట్లు, చక్రాల వెనక బురద చేరే మూలలు, స్టీరింగ్ బాక్సు బిగించిన చోటు తప్పకుండా చూడు. నల్ల పెయింటు కొట్టి ఉంటే నమ్మొద్దు, గీకి చూడు. ఆ చోట్ల రంధ్రాలు పడి ఉంటే రేకు ముక్క వెల్డింగ్ పెట్టించి మళ్లీ నాన్నను ఎక్కించుకునే ఆలోచన మానుకో. ఆ బండిని ఇంకొకరికి అమ్మడం కూడా నాకు ఇష్టం లేదు, ఆ ఇంట్లోనూ ఒక పెద్దాయన ఉంటాడు. ప్రభుత్వ అనుమతి ఉన్న స్క్రాపింగ్ కేంద్రానికి ఇవ్వు. వాళ్లిచ్చే సర్టిఫికెట్ కొత్త బండి కొనేటప్పుడు పన్ను రాయితీకి పనికొస్తుంది.

ఛాసిస్ గట్టిగా ఉంటే మాత్రం ఉంచుకో. పదిహేనేళ్లు నిండితే బండి మూలకు వెళ్లాలనేమీ లేదు. పాత డీజిల్ బళ్ల నిషేధం గొడవ ఢిల్లీ చుట్టుపక్కలది. ఇక్కడ గడువు తీరకముందే దరఖాస్తు పెట్టుకుని, ఇన్‌స్పెక్టర్‌కు బండి చూపించి, మరో 5 ఏళ్లకు రిజిస్ట్రేషన్ పొడిగించుకోవచ్చు. కారు తరగతికి ఆ ఫీజు 5,000 రూపాయలు, దానికి గ్రీన్ ట్యాక్స్ కలుస్తుంది. కొత్త ఫోర్ వీల్ డ్రైవ్ కొనాలంటే 10 లక్షల పైమాటే, వనామీ రొయ్యల రేటు ఎప్పుడు పడుతుందో నీకు నాకంటే బాగా తెలుసు. ఆ లెక్కలో పైన చెప్పిన పనులన్నీ కలిపినా భారం కాదు.

ఆ ముగ్గురు మెకానిక్‌లలో నీ మాట ఓపిగ్గా విన్నవాడు ఎవరో ఆయన దగ్గరే ఉండు. ఒక నోటుపుస్తకం పెట్టు. సంక్రాంతి నుంచి ఏ తేదీన ఏం జరిగింది, ఎన్ని కిలోమీటర్ల దగ్గర, వేడి మీదా చల్లగా ఉన్నప్పుడా, ఏం మార్చారు, ఎంత ఇచ్చావు అన్నీ రాసి ఆయన చేతిలో పెట్టు. బ్రేకులూ ఫిల్టర్లూ తప్ప మరే కొత్త భాగమూ కొలత చూడకుండా కొననని ఆయనకు ముందే చెప్పు. ఇంటికి వచ్చిన ప్రతిసారీ బండి కిందికి మంచినీళ్లు కొట్టడం గుంటల దగ్గర పనిచేసే కుర్రాడికి అలవాటు చెయ్యి.

అమ్మను నిమ్మకాయలు కట్టనీ. మీ మీద ప్రేమతో కడుతోంది. మీ ఆవిడ అమ్మేయమనడంలో కూడా న్యాయం ఉంది. ఆమె చూస్తున్నది పోయిన డబ్బునూ, రాత్రిపూట నువ్వు ఎక్కడ ఆగిపోయావో తెలియక ఎదురుచూసిన గంటలనూ. ఆ నోటుపుస్తకంలో ఖర్చు ఆమెనే రాయమను. ఛాసిస్ చూపించకముందే, ఇంతకు మించి పెట్టకూడదన్న మొత్తం ఇద్దరూ కూర్చుని అనుకోండి. ఆ అంకె దాటితే ఆమె మాటే ఖాయం చేసుకో.

వచ్చే ఉత్తరంలో మూడు రాయి: సెల్ఫ్ కొట్టేటప్పుడు ఇంజిన్ ఎర్త్ దగ్గర ఎన్ని వోల్టులు చూపించింది, సీసాలో అడుగున ఏం తేరింది, ఇసుకలో ముందు షాఫ్టు తిరిగిందా లేదా. బ్రేకు పని మాత్రం దాని కోసం ఆగకుండా ఈ వారమే చేయించు.